కల్లు తాగితే తాగినట్టు కాదు

మస్కట్‌కు రెండు గంటల దూరంలో నేను పనిచేసే రుస్తాఖ్‌లో కోర్టు నా మూత్రం మీద పెట్టినంత శ్రద్ధ చిన్నప్పుడు మా ఇంట్లో నా చదువు మీద ఎవరూ పెట్టలేదు. పదిహేను రోజులకొకసారి, ఆదివారం పొద్దున్నే, ఆస్పత్రి వెనక గదిలో ఒక ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చేవాళ్లు. తలుపు తెరిచే ఉండేది. ఒకాయన నా వెనక నిలబడేవాడు. డబ్బాలో పడేది నాదేనని సంతకం చేయడం ఆయన డ్యూటీ. పాపం మర్యాదస్తుడు, గోడకేసి చూస్తూ "తొందరేం లేదు" అనేవాడు. నలభై రెండేళ్లుగా ఎవరి సాయమూ లేకుండా చేసుకుంటున్న పని ఆ మాట వినగానే ఆగిపోయేది. ఆయన కాసేపు చూసి కుళాయి విప్పేవాడు.

నేను చేసిన ఘనకార్యం చిన్నదేమీ కాదు. ఒక శుక్రవారం నాలుగు బీర్లు తాగి కంపెనీ పికప్ నడిపి ఒక ఖర్జూరపు తోట గోడలోకి దూరాను. ఆ గోడ కట్టినవాడికి నమస్కారం, మేస్త్రీగా చెబుతున్నాను, పికప్‌కి తగిలిన దెబ్బ దానికి తగల్లేదు. తోట యజమాని ముసలాయన వచ్చి ముందు నన్ను బయటికి లాగి, మంచినీళ్లు తాగించి, తర్వాత పోలీసులకు ఫోన్ చేశాడు. కోర్టులో మాత్రం క్షమించానని రాసిచ్చాడు. ఆ కాగితం వల్ల జడ్జి నన్ను వెంటనే దేశం నుంచి పంపలేదు. లైసెన్సు తీసేసి, ఆరు నెలలు మద్యానికీ మత్తుకూ పరీక్షలు పెట్టారు. ఒక్క పరీక్ష తప్పినా విమానం ఎక్కిస్తారు, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు.

నా తోటివాళ్లకు ఇది అంత పెద్ద శిక్ష కాదు, పెళ్లాం పిల్లలు ఎలాగూ ఊళ్లోనే ఉంటారు కాబట్టి. నాకు అలా కాదు. నా భార్య ఇక్కడే, మస్కట్‌లో బౌషర్ దగ్గర ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఆమెది గోదావరి జిల్లా, నాది నిజామాబాద్ వైపు. ఐదేళ్ల కింద ఆ ఇంటి ప్రహరీ కట్టడానికి వెళ్లి, ఆమె ఇచ్చిన చల్లనీళ్లు తాగి, గోడ నాలుగు రోజుల్లో అయ్యేది పదకొండు రోజులు కట్టాను. అప్పటి నుంచి మా కాపురమంతా శుక్రవారాల్లోనే. తీర్పు విన్న రోజు ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"తప్పారంటే మీరొక్కరే ఎళ్తారు. నేను మాత్రం రానండి. నా పని నాకుంది," అంది.

అన్నదంటే చేస్తుంది. అందుకని నేను సన్యాసం పుచ్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా. దగ్గు సిరప్ మానేశాను, దగ్గుతూ పడుకున్నాను. పచ్చడిలో వెనిగర్ ఉందేమోనని సీసా వెనక అక్షరాలు చదివాను. షేవింగ్ తర్వాత రాసుకునే లోషన్ పారేశాను. రూమ్‌లో ఒకడు అత్తరు చల్లుకుంటే కిటికీ తెరిచాను. అక్కడితో ఆగితే బాగుండేది. తాగుడు వల్ల మనిషి ఎలా పాడవుతాడో రూమ్‌లో ఉన్న ఏడుగురికీ రోజూ చెప్పడం మొదలుపెట్టాను. నేను తాగిన రోజుల్లో నన్ను భరించిన వాళ్లు, నేను మానేశాక భరించలేక మంచాలు జరుపుకున్నారు.

తొమ్మిది పరీక్షలు పాసయ్యాను. పదో తరగతి కూడా రెండుసార్లు రాసినవాడిని, వరసగా తొమ్మిది పాసవడం నాకే వింతగా ఉండేది. అంతలో తమ్ముడి పెళ్లి వచ్చింది. కంపెనీ పన్నెండు రోజుల సెలవిచ్చింది, కోర్టు ఒక పరీక్షను వారం వెనక్కి జరిపి వెళ్లి రమ్మంది. నా భార్యకు సెలవు దొరకలేదు. "తాగనని మాటియ్యండి," అంది. ఇచ్చాను. నిలబెట్టుకున్నాను కూడా. పెళ్లిలో బ్రాందీ ముట్టలేదు, బీరు ముట్టలేదు, విస్కీ గ్లాసు ఎవరో చేతిలో పెడితే పక్కవాడికిచ్చాను. కల్లు మాత్రం తాగాను.

కల్లు తాగితే తాగినట్టు కాదని మా ఊళ్లో పసిపిల్లవాడిని అడిగినా చెబుతాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత ఉంది. మా ఊరు దాన్ని తిరగేసుకుంది, మాకు కల్లు తాగినా పాలే. జ్వరానికి కల్లు, వేడికి కల్లు, బాలింతకు కల్లు. చుట్టం వస్తే చాయ్ పోయకపోయినా తప్పు లేదు, కల్లు పోయకపోతే తప్పు. పెళ్లి ఇంట్లో పెద్దకొడుకు కల్లు వద్దంటే దుబాయికి పోయి మతం మార్చుకున్నాడంటారు. మాకు మస్కట్ కూడా దుబాయే. అందుకని పెళ్లికి ముందు, పెళ్లికి, పెళ్లి తర్వాత కలిపి తొమ్మిది రోజులు పూటకు రెండు సీసాలు తాగాను. తిరిగొచ్చిన ఐదో రోజున ధైర్యంగా డబ్బా నింపాను. ఆ రోజు కుళాయి కూడా విప్పనక్కర్లేకపోయింది.

ఫలితం చూశాక దొంగకు తేలు కుట్టినట్టయింది. మద్యం లేదు, మత్తు గోళీలు ఉన్నాయి. నిద్ర పట్టని రోగులకు డాక్టరు రాసిస్తే తప్ప మందుల షాపులో ఇవ్వని రకం. నా కేసు చూసే ఆఫీసరు నన్ను పిలిచి, చీటీ ఉందా అని హిందీలో అడిగాడు. లేదన్నాను. మరి ఎక్కడి నుంచి వచ్చాయన్నాడు. నేను గోళీలు మింగలేదు, చెట్టు నీళ్లు తాగానని చెప్పాను. ఏ చెట్టని అడిగాడు. ఈత చెట్టును హిందీలో ఏమంటారో తోచక కిటికీ బయటికి చూపించాను. అక్కడ ఖర్జూరపు చెట్లు వరసగా ఉన్నాయి. ఇలాంటిదే, దీని చెల్లెలు అన్నాను.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి ఆ చెట్లను కాసేపు చూశాడు. "మా తాత నాటినవి నాలుగు వందలున్నాయి. ఖర్జూరాలు కాస్తాయి. గోళీలు కాయగా ఇంతవరకు చూడలేదు," అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా మంచివాడు. పది రోజుల్లో ఫైలు జడ్జి దగ్గరికి వెళుతుందని, ఆ కల్లులో ఏదో కలిసిందని ఊరి నుంచి కాగితం తెస్తే చూపించవచ్చని అన్నాడు. నేను ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసి, పెళ్లికి కల్లు పోసిన గీత సంఘం నుంచి ఒక కాగితం రాయించి పంపమన్నాను. ఎందుకో కూడా చెప్పాను. కొత్త పెళ్లికొడుకు, సగమే విన్నాడు.

నాలుగో రోజు వాట్సాప్‌లో కాగితం వచ్చింది. దాంతోపాటు తమ్ముడి గొంతు. "అన్నా, రంది పడకు. సంఘం ముద్ర గూడ ఏపిచ్చిన. పెద్దమనుషులు ముగ్గురు సంతకం జేసిన్రు. మన ఊరి పరువు నీ పరువు ఒకటే అన్నరు." కాగితంలో ఏముందంటే, మా సంఘం కల్లు చెట్టు నుంచి దించింది దించినట్టు స్వచ్ఛమైనదని, అందులో ఎటువంటి మత్తు పదార్థమూ కలపబడదని, ఇది ఎవరికి చూపించినా తమకు అభ్యంతరం లేదని. ఎక్సైజ్ వాళ్లు వచ్చినప్పుడల్లా ఇచ్చే కాగితమే అది. పైన నా పేరు మాత్రం కొత్తగా రాశారు. కల్లులో గోళీ లేదంటే గోళీ నా చేతిలో ఉన్నట్టే. నన్ను కాపాడబోయి ఊరంతా కలిసి సాక్ష్యం చెప్పి ముంచింది.

శుక్రవారం బౌషర్ వెళ్లి ఆ కాగితం నా భార్యకు చూపించాను, ఊరిని తిట్టుకుంటూ. ఆమె చదివి ఫోన్ తిరిగిచ్చింది.

"మా ఊళ్లో కల్లు తాగినోడు పాటలు పాడతాడండి, తగువులాడతాడు. మీరు నాతో ఫోన్లో మాట్లాడతా మాట్లాడతానే నిద్దరోయేవోరు. పెళ్లింట్లో, పట్టపగలు. మీకు తెలీదా ఏంటి?" అంది.

"పెండ్లి పనులల్ల అలిసిపోయిన," అన్నాను.

"తెలీదా అని అడిగాను."

మా ఊళ్లో ఉన్న ఈత చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఊరు తాగే కల్లు ట్యాంకర్లలో వస్తుంది. ఆ నాలుగు చెట్లకు అంత కల్లు ఎక్కడిది, అందులో ఏ గోళీలు కలుపుతున్నారని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు, నాతో సహా. మా వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు ఆ కల్లు దొరక్క ఇక్కడ మొదటి పది రోజులు చేతులు వణికి, నిద్రలేక గోడలతో మాట్లాడతాడు. ఎండ పడలేదని క్యాంప్ బాస్‌కు చెబుతాం. నేనూ అలాగే వణికాను, నాకూ అదే చెప్పారు, తర్వాత వచ్చినవాళ్లకు నేనే చెప్పాను. కల్లు తాగితే తాగినట్టు కాదన్నది నేను నమ్మిన మాట కాదు. నాకు పనికొచ్చిన మాట. తొమ్మిది పరీక్షలు గెలిచిన మనిషికి కావలసింది కల్లు రుచి కాదు, ఆ నిద్ర. సెలవు దొరికిన రోజు నుంచీ దాని కోసమే ఎదురుచూశాను.

"ఎరుకే," అన్నాను.

"అయితే ఆ మాటే అక్కడ చెప్పండి. ఈ కాగితం తీసుకెళ్లకండి," అంది.

"చెప్తే పంపిస్తరు."

"తెలీదని చెప్పి గెలిస్తే, వచ్చే సెలవుకి మళ్లీ తాగుతారు. దానికన్నా ఎళ్లిపోడం మేలు."

జడ్జి ముందుకు వెళ్లిన రోజు ఆమె కూడా వచ్చింది. అరబ్బీలో చెప్పడానికి ఒక హైదరాబాదీ పెద్దాయన ఉన్నాడు. ఇలాంటి కేసుల్లో ఏం చెప్పాలో ఆయనకు బాగా తెలుసు, దారిలోనే నేర్పించాడు. ఊళ్లో ఎవరో శత్రువులు కలిపారని చెప్పమన్నాడు. జడ్జి, ఆ పానీయంలో గోళీలు ఉంటాయని నీకు తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. పెద్దాయన నావైపు వంగాడు.

"భాయ్, నిజంగ గిదే చెప్పాల్నా? జర సోంచాయించు."

"గదే చెప్పుండ్రి," అన్నాను.

ఆయన చెప్పాడు. జడ్జి కళ్లద్దాలు తీసి, ఇప్పుడు కూడా కావాలనిపిస్తుందా అని అడిగారు. ఇంత చెప్పాక ఇదొక్కటి దాచడమెందుకని అవునన్నాను. హాల్లో ఎవరో నవ్వారు, జడ్జి నవ్వలేదు. ఈ మనిషికి పూచీ ఉండేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. కంపెనీ తరఫున వచ్చినాయన తన బూట్లు చూసుకున్నాడు. నేను వెనక్కి తిరిగి నా భార్యను చూశాను. ఆమె లేచి నిలబడింది. అమ్మయ్య అనుకున్నాను.

"పూచీ అయితే ఉండనండి," అని పెద్దాయనతో చెప్పింది. "మేడమ్‌తో మాట్లాడి నా సెలవు ఆదివారానికి మార్చుకున్నాను. పరీక్షకెళ్లిన ప్రతిసారీ ఈయనతో కూడా వస్తాను. అంతవరకే రాసుకోమనండి."

జడ్జి అంతవరకే రాసుకున్నారు. ఆరు నెలలు మళ్లీ మొదటి నుంచి, ఆస్పత్రిలో ఆ గోళీల వైద్యం, అది పూర్తయ్యేదాకా సెలవు లేదు. విమానం తప్పింది. అయినా నాకు సంతోషం రాలేదు, కోపం వచ్చింది. అంతమందిలో కట్టుకున్న మనిషే పూచీ ఉండనంటే ఎవరికి మాత్రం రాదు? మెట్లు దిగి, రోడ్డు దాటి, టాక్సీల దగ్గరికి వచ్చేదాకా ఆమెతో మాట్లాడలేదు. అక్కడ నీడలో నిలబడ్డాక, ఆమె స్థానంలో నేనుంటే ఏం చేసేవాడినని ఆలోచించాను.

"నేనైనా నాకు పూచీ ఉండకపోతుంటి," అన్నాను.

"తెలుసండి," అంది. "అందుకేగా వస్తానన్నాను."