టీ దగ్గర లీకు

నాకు నోరెక్కువ. ఈ మాట మా ఇంట్లో అందరూ నా వెనకాల అంటారు, మా ఆయన ఒక్కరే ఎదురుగా అంటారు. నూజివీడు పక్కన మా తోటలో, మెరక మీదున్న ముసలి కలెక్టర్ మామిడి చెట్లు కొట్టించి బంగినపల్లి అంటుమొక్కలు వేద్దామని నేను వాదించినప్పుడు కూడా ఆయన ఎక్కువసేపు నిలబడలేకపోయారు. "సరే, నీ ఇష్టం. ఎండిపోతే మాత్రం నన్ననకు" అన్నారు. పోయిన వానాకాలంలో నలభై అంట్లు దగ్గరుండి నాటించాను.

అంటు మొదటి వేసవి దాటితే బతికినట్టే. దాటకపోతే మా ఆయన నన్ను తిట్టరు. ఏమీ అనకుండా ఎదురుగా కూర్చుని అన్నం తింటారు. తిట్టినా పడతాను గాని అది నా వల్ల కాదు.

సరిగ్గా ఎండలు ముదిరే వేళకి మెరక మీదికి నీళ్ళు ఆగిపోయాయి. కింద బోరు దగ్గర్నుంచి పైదాకా భూమిలో పాతిన పైపు ఉంది. మోటారు గొంతు చించుకుంటోంది, పైన కొసన మాత్రం చిటికెన వేలంత ధార కూడా రావడం లేదు. మధ్యలో ఎక్కడో లీకు. నల్లరేగడి అయితే పైకి బురద తేలి చోటు తెలిసిపోయేది. మా ఎర్రనేల ఎన్ని నీళ్ళు తాగినా మూతి తుడుచుకుని కూర్చుంటుంది.

నేను చేసిన మొదటి పని, మెరక మీద నీళ్ళు కట్టే ఆమె మీద అరవడం. పదేళ్ళుగా మా తోటలో పనిచేస్తున్న మనిషి. నాకన్నా కాస్త పెద్దది, మాట తక్కువ.

"వాల్వు పూర్తిగా తిప్పకుండా ఏం చేస్తున్నావు?" అన్నాను.

"తిప్పానండి."

"తిప్పితే నీళ్ళేవి? నేను చూడకపోతే ఇక్కడ ఒక్క పనీ జరగదు. మొన్న కలుపూ అంతే, అటుమొన్న ఎరువూ అంతే..."

ఆమె ఏదో చెప్పబోయింది. నాది ఇంకా అవలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

మా ఆయన ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టారు. "పెద్ద పెద్ద నూనె పైపుల్లో లీకు పట్టుకోవడానికి లోపలికి పందిని పంపిస్తారటే" అన్నారు.

"పందినా?"

"యంత్రమేలే. పేరు పంది. లోపల దొర్లుకుంటూ పోయి చిల్లెక్కడుందో చెప్తుందట."

"మనది మూడంగుళాల పైపండీ. ఎలకపిల్లని పంపండి" అని, నేనే మేస్త్రీకి ఫోన్ చేశాను. ఆ పైపు వేసింది అతనే. ఇప్పుడు చింతలపూడిలో కూతురి దగ్గర ఉంటున్నాడు.

"లీకంటూ ఉంటే టీ దగ్గరే ఉంటుందండి. నాకు మొదట్నుంచీ దాని మీదే అనుమానం. అక్కడ తవ్వించండి" అన్నాడు.

మా తోటలో టీ అంటే ఒక చోటు. గేటు పక్కన పెద్ద రసం మామిడి చెట్టు కింద, పొద్దున పదింటికి పనివాళ్ళందరూ చేరి టీ తాగే జాగా. గొడ్డలి ఏదంటే టీ దగ్గర, నిచ్చెన ఏదంటే టీ దగ్గర. పైపు వేసిన రోజుల్లో మేస్త్రీ కూడా అక్కడే కూర్చుని గ్లాసు మీద గ్లాసు ఖాళీ చేసేవాడు. నాకు అనుమానమెందుకొస్తుంది? ఇద్దర్ని పెట్టి తవ్వించాను. మోకాలి లోతు, ఆ తర్వాత నడుం లోతు. పగిలిన గాజు గ్లాసులు రెండు, తుప్పు పట్టిన కొడవలి ఒకటి దొరికాయి. అమ్మగారు పనివాళ్ళకి టీ మాన్పించడానికే గొయ్యి తీయిస్తున్నారని ఊళ్ళో చెప్పుకున్నారట. ఆ మాట విని ఇంకో పూట అరిచాను.

వారం గడిచాక మేస్త్రీకి మళ్ళీ ఫోన్ చేశాను. "టీ దగ్గర నడుం లోతు తవ్వాం. అసలక్కడ పైపే లేదు!"

"లేకపోవడమేంటండీ? టీ నా చేత్తో బిగించాను."

"నువ్వు బిగించలేదు, తాగావు. రోజుకి నాలుగు గ్లాసులు!"

"అమ్మా, తాగే టీ కాదండి. పైపుకుండే టీ అండి. ఇంగ్లీషు అక్షరంలా ఉంటుంది చూడండి, మూడు పైపులు కలిసే చోట వేస్తాం."

డిగ్రీ చదివినదాన్ని. ఆ మాట ఎవరికీ గుర్తు రాకూడదని కోరుకున్నాను. "మరి ఆ టీ ఎక్కడుంది?" అని గొంతు తగ్గించి అడిగాను.

"కలెక్టర్ల వరసలో మూడో చెట్టుకి రెండు బారలు ఇవతలండి. చెట్టుని చూస్తే తెలిసిపోద్ది."

కలెక్టర్లని కొట్టించింది నేనే. మొద్దులు కూడా పెకలించి నేల చదును చేయించాను. ఫోన్ స్పీకర్లో ఉంది. మా ఆయన అంతా విన్నారు. ఆ పూట నా ఎదురుగా కూర్చుని అన్నం చాలా నెమ్మదిగా తిన్నారు.

మర్నాడు మెరక మీది ఆమె గునపం పట్టుకుని వచ్చింది. "మోటారు వేయించండయ్యగారూ" అని మా ఆయనతో చెప్పి, తనకి గుర్తున్న పైపు దారెంట నాలుగడుగులకోసారి గునపం నేలలో దిగేసి, పై కొసకి చెవి ఆనించి వినసాగింది. నేను పక్కనే నడుస్తూ, ఇలా వింటే ఏం తెలుస్తుందని, ఇంకాస్త కుడి పక్కకి వెళ్ళమని, గునపం వంకరగా ఉందని చెబుతూనే ఉన్నాను.

ఆమె తలెత్తి, "అమ్మగారూ, తవరొక్క నిమిషం ఊరుకుంటే వినపడుద్దండి" అంది.

మా ఆయన గభాలున అటు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. నేను నోరు మూసుకున్నాను.

ఇంకో ఐదారు చోట్ల విన్నాక, చెయ్యూపి నన్ను పిలిచింది. చెవి ఆనించాను. పాలు పొంగబోయే ముందు గిన్నెలో వచ్చే చప్పుడు వినపడింది. అక్కడ తవ్వితే మోకాలి లోతులోనే ఉంది ఆ టీ, నిలువునా చీలి. మా ఆయన నూజివీడు వెళ్ళి కొత్తది తెచ్చి అతికించారు. అతుకు ఆరడానికి ఒక రోజు పడుతుందన్నారు.

ఇంకో రోజా! ఎనిమిది రోజులుగా చుక్క నీరు లేని మొక్కలు. చూసే ధైర్యం లేక గొయ్యి దగ్గరే కాలం గడిపినదాన్ని, ఇక తప్పక మెరక మీదికి నడిచాను.

నలభైకి నలభై పచ్చగా నిలబడి ఉన్నాయి. ప్రతి మొక్క మొదట్లో పాదు తడిగా ఉంది. వెనక్కి తిరిగితే ఆమె ఖాళీ బిందెలు ఏరుకుంటోంది.

"నువ్వేనా?"

"బోరు కాడ్నించి తెచ్చానండి. రెండు మొక్కలకో బిందె. తవరొచ్చే ఏళకి అయిపోయేదండి."

రోజుకి ఇరవై బిందెలు, ఎదురెక్కుతూ. "మరి నాతో ఒక్క మాట చెప్పలేదేం? గునపం సంగతైనా చెప్పొచ్చుగా!" అన్నాను.

"చెబ్దామనే రోజూ వచ్చానండి. తవరు మాట్లాడతన్నారు."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి నేనూ ఒక బిందె ఎత్తుకున్నాను. నాలుగో బిందె దించి కూలబడ్డాను. మిగతా పదహారూ ఆమే మోసింది. చాలా సిగ్గేసింది. ఆమె పక్కకి వచ్చి కూర్చున్నాక, "తప్పు నాదే" అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయి, మానేసి, ఆమె ఏమంటుందోనని ఆగాను.