వాక్కాయ పాకం, ఎదురింటి నాలుక

మొన్న మా అమ్మాయి ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడో చలిదేశంలో ఒకామె పండగ భోజనానికని ఎర్రటి చిన్న కాయలు చక్కెరలో ఉడికిస్తోంది. క్రాన్‌బెర్రీ సాసట. మాంసం పక్కన వేసుకుని తింటారట. "అమ్మా, ఈసారి క్రిస్మస్‌కు మనమూ చేద్దామా? ఆన్‌లైన్‌లో కాయలు దొరుకుతాయంట" అంది. నాకు ఒళ్ళు మండింది. వాక్కాయ పాకం వండిన వంశంలో పుట్టి, క్రాన్‌బెర్రీ కావాలంట దీనికి. "మీ అవ్వ వినుంటే గరిటె తిరగేసి కొట్టేది" అన్నాను. "వాక్కాయ పాకమంటే ఏంది?" అని అడిగింది. కోపమంతా దిగిపోయింది. వాళ్ళవ్వ పోయేనాటికి దానికి మాటలే సరిగ్గా రాలేదు, పాపం, దానికెట్లా తెలుస్తుంది? అందుకే ఇది రాస్తున్నాను.

నేను హిందూపురం పిల్లను. మా పుట్టింట్లో క్రిస్మస్ అంటే బేకరీ కేకు, బిరియాని, సీసాలో జామ్. పెండ్లయి ముదిగుబ్బ దగ్గర పల్లెకు వచ్చిన మొదటి ఏడు, నా మాటల్లో కన్నడం దొర్లినప్పుడల్లా వీధంతా నవ్వేది. పండగనాడు నవ్వడం నా వంతయింది. విస్తట్లో రాగి సంగటి, పొట్టేలు కూర, పక్కన నల్లగా మెరుస్తూ ఏదో ముద్ద. ఇదేందని ముక్కు చిట్లించాను. "తిని మాట్లాడు" అంది మా అత్త. తిన్నాను. ముందు పులుపు, ఆ వెనక బెల్లం తీపి, మింగినాక గొంతులో శొంఠి ఘాటు. విస్తరి ముందుకు జరిపాను. అత్త ఇంకో గరిటె వేసి, "ఇప్పుడు నవ్వు" అంది.

ఆ పాకం ఒక్కనాటి పని కాదు. వానల్లో వాక్కాయలు పండి నల్లబడతాయి. మా చేనికీ ఎదురింటివాళ్ళ చేనికీ నడుమ గట్టు మీద పెద్ద పొద ఉండేది, ఒళ్ళంతా ముళ్ళే. కోస్తే కాయ తొడిమ దగ్గర పాలు కారి వేళ్ళకు బంకలా అంటుకుంటాయి, అందుకని చేతులకు నూనె రాసుకుని పోవాలి. కాయను సగానికి చీల్చి తలపిన్నుతో గింజలు తీసి, కల్లుప్పులో కలిపి జాడీకెత్తి, గుడ్డ కట్టి అటక మీద పెట్టేది అత్త. క్రిస్మస్ ముందురోజు దించి, ఉప్పు దిగేదాకా నీళ్ళలో నానబెట్టి, మట్టిచట్టిలో బెల్లం, మిరప్పొడి, శొంఠి వేసి దగ్గరపడేదాకా ఉడికించేది. పండగనాడు చర్చి ముందర ప్రేమ విందు. ఇంటికొక వంట తీసుకుపోవాలి. మా ఇంటిది వాక్కాయ పాకం. ఇంకెవరూ దాని జోలికి వచ్చేవాళ్ళు కాదు, వచ్చినా అత్త బతకనిచ్చేది కాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. విందు కోసం వండింది ప్రార్థన కాకముందు నోట్లో పెట్టకూడదని మా అత్త పట్టు. వాళ్ళమ్మ నాటినుంచి వచ్చిన అలవాటు. దేవుడు మారినా వంటింట్లో మడి మాత్రం మారలేదన్నమాట. బైబిల్లో అట్లాంటిదేం లేదమ్మా అని ప్రార్థన చేయించడానికి పెనుకొండ నుంచి వచ్చే అయ్యగారు ఎన్నోసార్లు చెప్పి చూశాడు. "ఆయప్పకేం, తినేవాడే గానీ వండేవాడా" అని అత్త కొట్టిపారేసింది. మరి ఉప్పూ పులుపూ చూసేదెవరు? ఎదురింటి పెద్దమ్మ. ఆమెది వెంకటేశ్వరస్వామిని కొలిచే ఇల్లు. "ఆయక్క మన ప్రార్థనకు రాదు గదా, ఆయక్కకు పట్టింపు ల్యా" అనేది అత్త.

నానబెట్టిన నాడు మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చి ఒక కాయ కొరికి, "ఇంగో నీళ్ళు మార్చు" అనో, "చాలు" అనో చెప్పేది. చట్టి పొయ్యి మీద ఉన్నప్పుడు మళ్ళీ వచ్చి చెయ్యి చాపేది. అరచేతిలో ఒక్క బొట్టు. కండ్లు మూసుకుని నాకి, బెల్లమో కారమో ఏది తక్కువైతే అది చెప్పేది. అత్త మారుమాట లేకుండా అదే వేసేది. నేనొక సలహా చెబితే మూడు వంకలు పెట్టే మనిషి! ఉగాది వచ్చిందంటే ఇదే తతంగం తిరగబడేది. ఓళిగల పూర్ణం, అదే బొబ్బట్ల పూర్ణం, దేవునికి పెట్టకముందు పెద్దమ్మ ముట్టదు, కాబట్టి మా అత్తను పిలిచి రుచి చూపించేది. ఇద్దరి వంటలూ ఊళ్ళో పేరు మోశాయి. ఎవరి వంట రుచి వాళ్ళకు ముందుగా తెలిసింది మాత్రం ఎన్నడూ లేదు.

ఒక ఏడు దసరా దాటినాక పెద్దమ్మ కొడుకు చీనీ తోట, అదే బత్తాయి తోట, పెడతానని జేసీబీ పిలిపించాడు. గట్టు చదునుచేస్తూ వాక్కాయ పొదను వేర్లతో సహా పెకలించేశాడు. అత్త చేనికి పోయి చూసి వచ్చింది. అన్నం తినలేదు. ఎప్పుడు కోపమొచ్చినా వీధి అదిరేలా అరిచే మనిషి ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు, నాకు భయమేసింది. సాయంత్రం పెద్దమ్మ మా వాకిట్లోకి వస్తుంటే అత్త లేచి తలుపు మూసేసింది.

"వాళ్ళ కొడుకు చేసిన పనికి ఆయమ్మేం చేస్తుంది అత్తా?" అన్నాను.

"ఆయక్కకు తెలీకుండా ఆ ఇంట్లో పిల్లి గూడా కదలదు. ఒగ మాట చెప్పుంటే నేనే పోయి ఆ పొదను మా పక్కకు నాటుకునేదాన్ని గదా. నోరు రాలేదా ఆయక్కకు?"

ఆ రోజునుంచి రెండిళ్ళ మధ్య మాట లేదు. వీధి ఆ పక్క నుంచి ఈ పక్కకు నాలుగు అంగలు కూడా లేవు. ఒకరు వాకిలి ఊడుస్తుంటే ఇంకొకరు లోపలికి పోవడం. బోరింగు దగ్గర ఒకరుంటే ఇంకొకరు ఖాళీ బిందెతో తిరిగి రావడం. మా ఆయన సర్దిచెప్పబోయి ఇద్దరి చేతా తిట్లు తిని ఊరుకున్నాడు. అత్త మనసులో ఏముందో నాకు తెలుస్తూనే ఉండేది. కూర పొయ్యి మీద పెట్టి అలవాటుగా వాకిటి దాకా పోయేది, గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. మనిషి సగమైపోయింది. చెట్టు పోయిన బాధ కన్నా అక్క పోయిన బాధే ఆమెను తినేస్తోందని చెప్పే ధైర్యం నాకెక్కడిది?

క్రిస్మస్ రానే వచ్చింది. ఆ ఏటి కాయలు పొద పోకముందే జాడీకెక్కాయి కాబట్టి పాకం ఆగలేదు. ముందురోజు పొద్దున కాయలు నానబెట్టింది. మధ్యాహ్నమైంది. కాయలు గిన్నెలో అట్లే ఉన్నాయి. అత్త వాటి చుట్టూ తిరుగుతోంది.

"నేను చూసి చెప్తాను అత్తా."

"నువ్వు ప్రార్థనకు రావా?"

"వస్తాను."

"అయితే నోరు మూసుకో."

నాక్కూడా తిక్క రేగింది. ఒక కాయ గిన్నెలో వేసుకుని గబగబా ఎదురింటికి పోయాను. పెద్దమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. గిన్నె చూసి, చెయ్యి సగం దాకా చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "మీ యత్త పంపిచ్చిందా పాపా?" అని అడిగింది. అబద్ధం చెప్పి ఉండొచ్చు, నోరు రాలేదు. నేనే తెచ్చానన్నాను. "ఆయమ్మ పిలిస్తే వస్తా. పిలవని ఇంటి ఉప్పు నాకెందుకులే" అని అరుగు మీద కూర్చుంది. తిరిగొచ్చి ఆ మాటే చెప్పాను. అత్త వినీ విననట్టు ఒకసారి నీళ్ళు వంచేసి, కాయలు చట్టిలో పోసి పొయ్యి ముట్టించింది.

పండగ రోజు చర్చి ముందర షామియానా కింద బారులు తీరి కూర్చున్నారు. ప్రార్థన అయ్యింది. అత్త ఎప్పటిలాగే తన చేత్తోనే పాకం వడ్డించుకుంటూ పోయి, చివరికి నా పక్కన కూర్చుంది. సంగటి తుంచి, పాకంలో అద్ది, నోట్లో పెట్టుకుంది. అంతే, నమలడం ఆగిపోయింది. నేనూ తిన్నాను. ఉప్పు! నాలుక మీద నుంచి నెత్తికెక్కింది.

అత్త తన అవతలి పక్కన కూర్చున్నామె విస్తట్లోకి చూసింది. "ఎట్లుండాది మే పాకం?" అని అడిగింది.

"బాగుండాదక్కా."

ఎదురు వరసలో ముసలాయన్ను అడిగింది. "శానా బాగుండాదమ్మా" అన్నాడు, చెంబెడు నీళ్ళు తాగుతూ. అయ్యగారిని అడిగింది. "మీ చేతి వంటకు వంక పెట్టేదెవరమ్మా, వందనాలు" అన్నాడు ఆయన. అత్త ముఖం ఎర్రబడిపోయింది. "పండగ పూట, దేవుని ముందర, అందురూ అబద్ధాలే" అంది. లేచింది. ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు. ఎడంచేత్తో పాకం గిన్నె ఎత్తుకుని షామియానా దాటి నడిచిపోయింది. నేను వెనకాలే పరిగెత్తాను.

పెద్దమ్మ అరుగు మీద చేటలో చెనిక్కాయలు వలుస్తోంది. అత్త ఆమె ముందు నిలబడింది. "అక్కా" అంది. గిన్నె ముందుకు పట్టింది. పెద్దమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని చాపింది. నేను గరిటెతో ఒక బొట్టు వేశాను. కండ్లు మూసుకుని నాకింది.

"ఉప్పు కషాయం" అంది. "ఎన్ని నీళ్ళు మార్చినావు మే?"

"ఒగటే."

"ఈ యేటి కాయకు ఒగటి యాడ సరిపోతుంది?"

"అది చెప్పేదానివి నువ్వు గదా. నాకెట్లా తెల్సు?"

పెద్దమ్మ చేట పక్కన పెట్టింది. "నిన్న పొద్దున్నుంచి తలుపు తీసి పెట్టుకోని కూచ్చుంటి. బెల్లం వాసన మా ఇంట్లోకి వస్తానే ఉండె. ముదురుతాండాది, దించమని చెప్దామని ఎన్నిసార్లు లేసినానో నాకే తెలీదు." "వాడు పొద కొట్టిచ్చిన నాడు నేను ధర్మవరంలో కండ్ల ఆస్పత్రిలో ఉంటి. వచ్చి చూసి వాన్ని తిట్టని తిట్టు ల్యా. నీకు చెప్దామని వస్తే తలుపేస్తివి. చెట్టు పోయింది, నిజమే. నేనుండా గదా మే. ఉన్న మనిషిని గూడా చెట్టుతో పాటే పీకి పారేస్తివి గదా."

అత్త మెట్టు మీద కూలబడింది. మా మామను మట్టి చేసిన నాడు కూడా పదిమందిలో ఏడవని మనిషి. ఎంగిలి చెయ్యి దూరంగా పట్టుకుని, ఎడమ మోచేత్తో ముఖం దాచుకుని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. పెద్దమ్మ అత్త వీపు మీద ఒక్కటి చరిచింది. "ఏడిస్తే ఉప్పు తగ్గుతుందా? లే. ఇంట్లో బెల్లముండాది" అంది.

పెద్దమ్మ పొయ్యి మీదే పాకం మళ్ళీ ఎక్కించాం. నేను నీళ్ళు పోశాను, ఆమె బెల్లం దంచి వేసింది, అత్త కలియబెట్టింది. చర్చి దగ్గరనుంచి పాటలు వినబడుతున్నాయి. పాకం దగ్గరపడి బుడగలు రాగానే అత్త గరిటె ముంచి, చల్లారేదాకా ఊది, పెద్దమ్మ చేతి మీదికి పట్టింది.

పెద్దమ్మ నవ్వింది. "ప్రార్థన అయిపాయ గదా మే. ఇంగ నీ నోట్లో నువ్వే ఏసుకోని చూసుకోవచ్చు."

అత్త గరిటె వెనక్కి తీసుకోలేదు.

"నాకు తెలీదక్కా. నువ్వే చెప్పు" అంది.