నాయన నన్ను తీసుకుపోయిన విమానాల పండుగ

బెంగళూరు శివార్లలోని సైనిక విమానాల మైదానంలో, ఇనుప కంచె ఇవతల, ఎండకు తలమీద తువాలు కప్పుకొని మోచెయ్యంత లెన్సు పట్టుకొని నిలబడితే, రన్‌వే చివర యుద్ధవిమానాలు ఇంజన్లు రగిలించగానే కాలిన కిరోసిన్ వాసన గాలివాటున వచ్చి ముఖానికి తగులుతుంది. చుట్టూ ఉన్న ఫొటోల పిచ్చివాళ్లకు ఆ వాసన పండుగ. నాకు మాత్రం దాని వెనకాలే పచ్చి కొబ్బరాకుల వాసన వస్తుంది, ఆ వెనక పసుపునీళ్లది, ఆ వెనక నోట్లో పెట్టకముందే వెగటు పుట్టించే బెల్లంపాకానిది. ఈ ఏడాదీ అంతే అయింది.

మాది పలమనేరు. నా చిన్నతనంలో మాఘమాసం వచ్చినా ఆ ఊరిని చలి వదిలేది కాదు. తెల్లవారగానే పాలక్యాన్లు కట్టుకున్న సైకిళ్లు మంచులోంచి గంట మోగించుకుంటూ వచ్చేవి. ఎండ ఎక్కేసరికి అరుగుల మీద చింతకాయలు కొట్టే చప్పుడు మొదలయ్యేది. అవ్వ గింజలన్నీ ఒళ్లో పోసుకొని మాతో సరి బేసి ఆడేది, ఓడిపోతే గింజలు కొంగులో దాచేది. ఆ అరుగుల మీదుగా, చాలా ఎత్తున, అప్పుడప్పుడు బెంగళూరు వైపునుంచి యుద్ధవిమానం ఒకటి ఉరుముకుంటూ పోయేది. తక్కిన పిల్లలు చేతులూపేవాళ్లు. నేను దాని రెక్కలు వెనక్కి వాలాయా, త్రికోణంలా ఉన్నాయా అని కళ్లు చికిలించి చూసి, పత్రికల్లోంచి కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకున్న బొమ్మలతో పోల్చుకునేదాన్ని.

నాయన హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. ఆదివారాలు గ్రంథాలయం ఆవరణలో చేతబడి ఉందా, జాతకాలు నిజమా అని చర్చలు పెట్టేవాడు. గ్రహణం రోజు ఊరంతా తలుపులు మూసుకొని కూర్చుంటే, ఎనిమిదేళ్ల నన్ను బస్టాండులో బల్ల మీద నిలబెట్టి, అందరూ చూస్తుండగా చిత్రాన్నం తినిపించాడు. నిమ్మకాయ పులుపు, వేగిన శనక్కాయ గింజలు, జనం కళ్ల నిండా భయం, అవన్నీ కలిసిన ఆ రుచి నాకు ఇప్పటికీ గుర్తే. ఆ సంగతి విన్న అవ్వ నొచ్చుకోలేదు. “వాడికి దేవుడు లేడు గానీ అమ్మ ఉండాదిలే,” అని నవ్వింది.

విమానాల ప్రదర్శన చూపిస్తానని నాయన మాటిచ్చింది నాకు పదమూడేళ్లప్పుడు. తెలిసినాయన ద్వారా రెండు పాసులు తెప్పించాడు. అప్పటికి ఏడాదిగా నేను ఫిల్ము లేని నాయన కెమెరాతో అభ్యాసం చేస్తున్నాను. మాంసం అంగడి మీద తిరిగే గద్దలే నా విమానాలు. “కెమెరా నిలబెట్టి ఫొటో కొట్టద్దుమ్మా. దాంతోపాటే నువ్వూ తిరగల్ల. నొక్కినాక కూడా తిరగతానే ఉండు,” అని నాయన నా భుజాలు పట్టుకొని తిప్పేవాడు. మొదట్లో గద్ద పోయి ఆకాశం మిగిలేది. తర్వాత తర్వాత కెమెరాలో కన్నానించి చూసే ఆ చిన్న అద్దంలోంచి గద్ద తప్పించుకునేది కాదు.

రేపు ప్రయాణమనగా మధ్యాహ్నం నేను పెద్దమనిషినయ్యాను. భయపడలేదు. ఒళ్లు ఎదిగేటప్పుడు జరిగే మామూలు సంగతి అని నాయన తరగతిలో చెప్పగా విన్నదాన్నే. అందుకే దాచాలన్న ఆలోచన కూడా రాక, అమ్మకు చెప్పేశాను. సాయంత్రానికి మామ కొబ్బరిమట్టలు నరికి తెచ్చి వసారా మూల దడి కట్టాడు. చాప, చెంబు, విడిగా కంచం. నువ్వుల చిమ్మిలి, బెల్లంపాకం, నువ్వులనూనె ఓడుతున్న మినప్పిండి ముద్దలు, పచ్చిగుడ్డు. ముత్తయిదువలు పాటలు పాడుతుంటే నేను ఒళ్లో కెమెరా పెట్టుకొని, నాయన ఇంటికి ఎప్పుడొస్తాడా అని వీధి చప్పుళ్లు విన్నాను. ఊరందరితో వాదించి గెలిచే మనిషికి ఈ నాలుగు మట్టలు ఒక లెక్కా అనుకున్నాను.

వచ్చాడు. దడి అవతల మాటలన్నీ నాకు వినిపించాయి.

“యాడికప్పా బిడ్డను ఎత్తకపోయేది? రేపు చుట్టాలొస్తా ఉండారు,” అంది అవ్వ.

“పొద్దున పోయి మాపటికి వచ్చేస్తాం మా. ఇందులో తప్పేముండాది?”

“తప్పు లేదులే, పో. నువ్వొచ్చేదాకా నేను నీళ్లు ముట్టను.”

నాయన సమాధానం కోసం కాచుకున్నాను. గ్రహణాల మీద గంటసేపు మాట్లాడగల మనిషి “సరేలే మా” అన్నాడు. తర్వాత దడి దగ్గరికి వచ్చి, నా ముఖం చూడకుండా, “వచ్చే తూరి పోదాంలేమ్మా. కెమెరా ఇట్లియ్యి,” అన్నాడు.

చెయ్యి చాచాను. “చేతికియ్యద్దు, కింద పెట్టు,” అంది అవ్వ. పెట్టాను. నేను చెయ్యి వెనక్కి తీసుకునేదాకా నాయన ఆగాడు. అవ్వ దాని మీద పసుపునీళ్లు చల్లింది. ఆయన జేబురుమాలు తీసి, లెన్సు మీది పసుపు చుక్కలను శ్రద్ధగా తుడుచుకున్నాడు. పాసు వృథా కాకూడదని మర్నాడు చిన్నాయనను వెంటబెట్టుకొని పోయాడు. ముప్పైఆరు ఫొటోలు తెచ్చాడు. సగానికి పైగా ఉత్త ఆకాశమే, తక్కినవాటిలో తోక ముక్కలు, పొగ. వచ్చే తూరి రాలేదు.

ఇంతవరకైతే క్షమించేదాన్నేమో. ముప్పై దాటాక నేనూ నాయనలాగే వేదికలెక్కి మూఢనమ్మకాల మీద మాట్లాడడం మొదలుపెట్టాను. తిరుపతిలో ఒక సభకు ఇద్దరినీ పిలిచారు. నా పక్కనే నిలబడి నాయన మైకులో అన్నాడు: “నా కూతురు పెద్దమనిషైన మర్నాడే విమానాల పండగకు తీసకపోయినా. మా అమ్మ అన్నం మానేస్తానన్నా నేను లెక్కచెయ్యలేదు.” హాలు హాలంతా చప్పట్లు. ముందు వరసలో కాలేజీ పిల్లలు ఆ మాట రాసుకున్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ పాపం నాది.

తిరుగు బస్సులో అడిగాను: “ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉంటిని గదా నాయనా?”

కిటికీలోకి చూస్తూ అన్నాడు: “అట్ల చెప్తే నలుగురు ఆడబిడ్డలకు ధైర్యం వస్తాది. ఉండేది ఉన్నట్టు చెప్తే ఎవురికేం లాభం?” కంటికి కనిపించనిది నమ్మవద్దని నాకు నేర్పిన మనిషి. చనిపోయేదాకా ప్రతి సభలోనూ అదే చెప్పాడు. సంతాపసభలో వేరేవాళ్లు చెప్పారు. నేను ఖండించలేదు.

ఇప్పుడు పలమనేరులో ఆ మంచు లేదు. గ్రంథాలయం ఆవరణలో ఆదివారాలు బండ్లు నిలుపుకుంటున్నారు. చర్చకు పిలిస్తే పదిమంది రారు. అవ్వ లేదు, ఫిల్ము కెమెరాలు లేవు. కొబ్బరాకుల దడి మాత్రం పోలేదు, కల్యాణమండపంలోకి మారింది. ప్లాస్టిక్ పూలు తొడుక్కుంది. మూలన కూర్చున్న బిడ్డను పైనుంచి డ్రోనుతో తీస్తున్నారు.

మొన్న ఆ కంచె దగ్గర నా పక్కన ఒక అమ్మాయి నిలబడింది. చిత్తూరు పిల్ల, మాటలోనే తెలిసింది. రెండు విన్యాసాల మధ్య అడిగింది: “మేడమ్, మిమ్మల్ని ఫస్టు ఎవరు పిల్సకొచ్చినారు ఈడికి?”

“మా నాయన,” అన్నాను. అలవాటైన నోరు.

“లక్కీ మేడమ్ మీరు. నేనీడ ఉన్నట్టు మా ఇంట్లో ఎవురికీ తెలీదు. నెలనెలా ఈ మూడు దినాలు ఎవుర్నీ అంటకుండా మిద్దెపైన గదిలో ఉండమంటారు గదా. ఎవురూ తలుపు తట్టరు. నిన్న మధ్యాహ్నం గొళ్లెం పెట్టి బస్సెక్కేసినా,” అని నవ్వింది.

పదమూడేళ్లప్పుడు నాకు ఈ బుద్ధి పుట్టలేదు. నాయన నాకు వాదించడం నేర్పాడు. నా తరఫున ఆయన వాదిస్తాడని దడి లోపల కూర్చొని కాచుకున్నాను. ఆ పిల్ల ఎవరితోనూ వాదించలేదు.

“లేదమ్మా, అబద్ధం చెప్పినా,” అన్నాను. “నన్నెవరూ పిల్సకరాలేదు.”

“మరి ఎట్లొచ్చినారు?”

“చానా ఆలస్యంగా,” అన్నాను.