మింగని మనిషి

ఆ హోటల్లో ఏ వంటకానికి ఏ వైన్ నప్పుతుందో తేల్చేది ఆయనే. పొద్దున్నే, నాలుక మీద ఇంకే రుచీ పడకముందే పని మొదలుపెడతాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఎర్ర వైన్ గ్లాసు అడుగున కాస్త పోయించుకుని, తెల్లగుడ్డ మీదకి వంచి రంగు చూస్తాడు. ముక్కు లోపలికంటా పెట్టి వాసన చూస్తాడు. గుక్కెడు నోట్లో పోసుకుని, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, కాళ్ల దగ్గరున్న డబ్బాలో ఉమ్మేస్తాడు. ఇన్నేళ్లలో ఒక్క చుక్క గొంతు దిగనివ్వలేదు. "చిన్నప్పుడు నేను పెట్టిన ముద్దలూ ఇలాగే ఉమ్మేవాడివి. మింగరా నాన్నా, మింగు అంటూ నీ వెనక తిరిగీ తిరిగీ నా కాళ్లరిగాయి. ఇప్పుడు దానికే జీతమిస్తున్నారా!" అని వాళ్లమ్మ నవ్వేది.

ఇవాళ కాల్చిన మాంసానికి జోడీ వెతుకుతూ మొదటి గుక్క నోట్లో పోసుకోగానే ఫోన్ మోగింది. తమ్ముడు. "అన్నయ్యా, అమ్మ పోయింది." ఆయన బుగ్గలు నిండుగా ఉన్నాయి. "వింటున్నావా? మాట్లాడవేం?" డబ్బా వైపు వంగినవాడు వంగినట్టే ఆగిపోయి, మెల్లగా నిటారుగా లేచాడు. గుటక పడింది. "సరే" అని ఫోన్ పెట్టేశాడు. పళ్లెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డ వంటమాస్టారు, "ఎలా ఉంది సార్?" అన్నాడు. "వగరు. మాంసానికి కొవ్వు కాస్త ఉంచండి, సర్దుకుంటుంది." "అదేంటి సార్, మింగేశారు?" ఆయన ఖాళీ డబ్బా వంక చూశాడు. "మా అమ్మ మింగమంది" అని, రెండో సీసా మూత తీయమన్నాడు.