మామ పేరు పలికిన సిద్దమ్మ

నేను ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ళ ఇంటి పిల్లను. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన మర్నాడు పెరట్లో నిలబడి, ఎదురుగా కనిపించే కొండ పేరేమిటని గట్టిగా అడిగాను. మా అత్త పరుగున వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. గోడకు అవతల వాకిలి ఊడుస్తున్న సిద్దమ్మ పకపకా నవ్వి, "ఆ పేరు మనం ఎత్తగూడదమ్మా గౌరీ. మామ అనుకో, సాలు" అంది. సిద్దమ్మతో నా పరిచయం అలా మొదలైంది.

ఈ ఊరు కట్టిన పెద్దాయన ఆ కొండ మీదే కన్నుమూశాడట. ఆయన పేరే కొండకు పెట్టుకున్నారు. అందుకని ఊరి కోడళ్ళందరికీ ఆ కొండ మామ. మామ పేరు పలకకూడదు. కొండవైపు కాళ్ళు చాపి పడుకోకూడదు. దాని కింది దారిలో నడిచేటప్పుడు తలమీద కొంగుండాలి. ఇదంతా విని నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే కొంగు లాక్కున్నాను.

సిద్దమ్మ పుట్టిల్లు తుగ్గలి దగ్గర. మొగుడు రంగప్ప ఏటా వానలకు ముందు ఒక్కడే కొండెక్కి టెంకాయ కొట్టి, ఆ పేరు నోరారా పిలిచి దిగేవాడు. అది వాళ్ళింటి వంతు. మిగతా రోజుల్లో ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు. కొడుకు జయరాం ఆదోని రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. కోడలు కొన్నాళ్ళకు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఊరంతా బుగ్గలు నొక్కుకుంది గానీ, సిద్దమ్మ మాత్రం "సిన్నపిల్ల, బతకొద్దా?" అని, మనవరాలు మౌనికను తన దగ్గరే ఉంచుకుంది.

దొర సంగతి నాకు సిద్దమ్మే చెప్పింది. ఇద్దరం పత్తి తీస్తున్నాం.

"తెల్లోళ్ళ కాలంలో కొలతలేసే దొర ఒకడు వచ్చినాడంట. మగోళ్ళనంతా కొండమీదికి తోలినాడు, సెట్లు కొట్టేకి, రాళ్ళు మోసేకి. వాళ్ళు పైన పనిలో ఉంటే, ఈయప్ప కిందికి దిగొచ్చి, బాయికాడ నీళ్ళు సేదే ఆడోళ్ళను అడిగినాడంట, ఈ కొండ పేరేమని. వాళ్ళంతా కోడళ్ళే. కొంగు కప్పుకోని మొగం తిప్పుకున్యారు."

కొండకు పేరే లేదనుకున్నాడు దొర. అతనితో వచ్చిన కుర్రదొర బెంటన్ ఇక్కడే చలిజ్వరంతో చచ్చిపోతే, కొండ కిందే పూడ్చి, వాడి పేరు కొండకు రాసుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ పటాల్లో ఇది బెంటన్ కొండ.

విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. సాయంత్రం దాకా ఆగి ఏ మగవాణ్ణి అడిగినా చెప్పేవాడు కదా! సిద్దమ్మకు మాత్రం ఆ కుర్రాడి మీద జాలి. "యాడో పుట్టి ఈడ సచ్చిపాయ. తల్లికి కడసూపు గూడా ల్యాకపాయ" అనేది. కొడుకును పోగొట్టుకున్న మనిషి కదా, ఆమెకు అదే ముందు కనిపించేది.

తప్పంతా దొరదే అనడానికీ లేదు. తల్లి నోట వినని పేరు పిల్లలకు ఎలా వస్తుంది? మేము మామ అన్నాం, పిల్లలు తాత అన్నారు, బడికి పోయాక బెంటన్ అన్నారు. బస్టాపు బోర్డు మీదా అదే. దొర సగం చెరిపితే, మా మర్యాద మిగతా సగం చెరిపేసింది. చివరికి ఆ పేరు తెలిసిన మనిషి రంగప్ప ఒక్కడే మిగిలాడు.

మౌనిక ఆదోనిలో హాస్టల్లో ఉండి చదువుకునేది. అది దసరా సెలవులకు రాగానే ఆ పేరు చెప్పి పోతానని రంగప్ప అంటుండేవాడు. సెలవులు ఇంకా ఇవ్వకముందే గుండె పట్టుకుని మంచం మీద ఒరిగిపోయాడు. పక్కన సిద్దమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమె చెవిలో పేరు చెప్పి, "మౌనికకు..." అన్నాడు. అంతే, మాటా ప్రాణమూ ఒక్కసారే పోయాయి.

"నాకొద్దు, నేను కోడల్ని అనేలోపలే సెప్పేసినాడు గౌరీ" అని నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది.

తర్వాత మౌనిక ఎన్నిసార్లు అడిగినా, సిద్దమ్మ నోరు తెరిచేది, మూసేది. "తాత నాకోసమే సెప్పినాడు గదా అవ్వా!" అని ఆ పిల్ల అలిగి అన్నం తినకుండా బస్సెక్కిన రోజులున్నాయి. సిద్దమ్మ ఆ అన్నం ముందు కూర్చుని, "నోరు రాదే గౌరీ, నేనేం సేతు" అనేది. ఆమె పోతే పేరూ ఆమెతోనే పోతుంది. అది ఆమెకు తెలుసు.

పోయిన ఏడాది మళ్ళీ కొలతలవాళ్ళు వచ్చారు. ఈసారి నేల కొలిచే గొలుసుల్లేవు, ఎగిరే కెమెరా తెచ్చారు. ఆదోని అబ్బాయి ముజమ్మిల్ బడి వసారాలో కూర్చుని వంకలు, గుట్టలు, దిన్నెల పేర్లు అడిగి రాసుకుంటున్నాడు. కొండ దగ్గరికి వచ్చేసరికి ఊరి పెద్ద లక్ష్మీనారాయణ, "బెంటన్ అనే రాసుకోప్పా. అందరికీ అదే తెలుసు" అన్నాడు.

"పాత పేరేమన్నా ఉంటే ఇప్పుడే సెప్పండన్నా. పటం అచ్చయినాక మా సేతిలో ఉండదు" అన్నాడు ముజమ్మిల్.

సెలవులకు వచ్చిన మౌనిక అవ్వవైపు చూసింది. ఈసారి అడగలేదు, చూసింది, అంతే.

సిద్దమ్మ లేచింది. కొంగు తలమీదికి లాక్కుని, కొండకు వీపు తిప్పి, స్తంభం పట్టుకుని నిలబడింది. పేరు పలికింది. వసారాలో ఉన్న ముసలి కోడళ్ళు చెవులు మూసుకున్నారు.

ముజమ్మిల్ కలం పట్టుకుని, "అవ్వా, రాసుకునేకి ఇంకోసారి నిదానంగా సెప్పు" అన్నాడు.

వాడి తప్పేం లేదు. అయినా ఆ క్షణంలో వాణ్ణి కొట్టాలనిపించింది. సిద్దమ్మ మళ్ళీ నోరు తెరవబోయింది. మౌనిక ఒక్క ఉదుటున వెళ్ళి అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వొద్దవ్వా. నేనిన్నాను. నేను మనవరాల్ని, నాకు తప్పు ల్యాదు" అని, ఆ పేరు నిదానంగా, ఒక్కొక్క అక్షరమే చెప్పి రాయించింది. సిద్దమ్మ మనవరాలి భుజం మీద తల వాల్చేసింది.

ఆ సాయంత్రమే సిద్దమ్మ నన్ను తోడు తీసుకుని కొండ కిందికి పోయింది. టెంకాయ కొట్టి, "మామా, నీ పేరెత్తినా. తిట్టుకుంటే నన్ను తిట్టుకో, పిల్లను ఏమనొద్దు" అని సాగిలపడింది. తిరిగొచ్చేటప్పుడు ముళ్ళపొదలో ఉన్న బెంటన్ సమాధి దగ్గర ఆగింది. తలలో పూలు పెట్టుకునే రోజులు పోయాయి కాబట్టి నా జడలోంచి ఒక పువ్వు తీసి దానిమీద పెట్టింది. "పేరు తీసేసినామని బాధపడొద్దు నాయనా" అంది.

ఆ పేరు ఇక్కడ రాయమని మౌనిక నన్ను పోరుతోంది. నవ్వుకుంటూ కొంగు లాక్కున్న మనిషిని కదా, రాసెయ్యగలననే అనుకున్నాను. కలం కదల్లేదు. నేనూ ఆ మామకు కోడలినే.

మొన్న కొత్త పటం వచ్చింది. పంచాయతీ గోడకు అంటించారు. మౌనిక అవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, కొండ గీసినచోట వేలు పెట్టి, "ఇదో, ఈడ ఉందవ్వా" అంది. సిద్దమ్మకు అక్షరం ముక్క రాదు. ఆ వేలి కింద ఉన్న నల్లటి గీతల్ని కాసేపు చూసింది. తర్వాత మెల్లగా కొంగు తలమీదికి లాక్కుని, రెండడుగులు వెనక్కి వేసి, పక్కకు ఒదిగి నిలబడింది.