ఉరఫ్ గడి

దయ్యాలున్నాయంటే నేనెన్నడూ ఒప్పుకోలేదు. శ్మశానం పక్క గదిలో మూడేళ్లు కిరాయికి ఉండి హాయిగా నిద్రపోయిన మనిషిని. ఎవరినీ నమ్మించడానికి కాదు, సిగ్గుతో రాస్తున్నాను.

తొంభైల మొదట్లో అచ్చంపేట వైపు ఒక చిన్న దవాఖానలో చీటీలు రాసేవాణ్ని. చేరిన రోగుల రిజిస్టరు నా దగ్గరే ఉండేది. మొదటి గడిలో పేరు, చివరి గడిలో ఉరఫ్, అంటే ఇంట్లో పిలిచే పేరు. ఎవరైనా వచ్చి అడిగితే రెండూ చూడాలి. నా పాడు బద్ధకం, మొదటిదే చూసేవాణ్ని.

ఒక మధ్యాహ్నం గొర్రెలు కాసే ఎల్లయ్య కిటికీ దగ్గరికొచ్చాడు. భుజాన గొంగడి, మోకాళ్ల దాకా దుమ్ము. బిడ్డకు జ్వరమని తెలిసి, మందను అడవి అంచునే వదిలి వచ్చాడట.

"సారూ, మా పెంటమ్మను గీడికే తెచ్చిండ్రంట. జర చూడుండ్రి."

ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకొచ్చి ఆ పేరు పెడతారు. ఆ సంగతి నాకూ తెలుసు.

పేర్ల మీద వేలు జార్చాను. "పెంటమ్మ ఎవ్వరు లేరు," అన్నాను.

"ఉన్న బాపూ."

ఆడపిల్ల గొంతు. బడిలో హాజరు పలికినట్టు, నా చెవి పక్కనే. కిటికీ బయట ఎల్లయ్య ఒక్కడే ఉన్నాడు. ఆడవాళ్ల వార్డు ఆవరణకు అవతల. అతనికి వినపడలేదు.

"అయితే పాలమూరు దవాఖానకు తీస్కపోయిండ్రేమో," అని బస్సు కోసం ఉరికాడు.

సాయంత్రం వార్డు నర్సు వచ్చి, సరోజ అనే పదిహేనేళ్ల పిల్ల చనిపోయింది, రాసుకొమ్మంది. పొద్దున చేర్చినప్పటి నుంచి ఆ పిల్ల కన్ను తెరవలేదు, నోరు విప్పలేదట. రాయబోతుంటే చివరి గడి కనిపించింది. ఉరఫ్ పెంటమ్మ. పొద్దున ఆమెను తెచ్చిన మేనమామ చెబితే నా చేత్తో నేనే రాశాను.

మర్నాడు ఎల్లయ్య పాలమూరంతా వెతికి తిరిగొచ్చాడు. బిడ్డ శవాన్ని చూసి నేరుగా నా కిటికీ దగ్గరికొచ్చాడు. కోపం లేదు.

"నువ్వు చూసినవు గద సారూ. పేరు లేకుండె గద?"

"లేకుండె," అన్నాను.

పోతూ పోతూ నాకు దండం పెట్టాడు.

వార్డులో నోరు విప్పని పిల్ల గొంతు నా కిటికీ దాకా ఎట్లా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. విన్నాక కూడా చివరి గడి ఎందుకు చూడలేదో మాత్రం చెప్పగలను. అప్పటికే అన్నం డబ్బా మూత తీశాను.