తమ్ముడు కొరకనన్న చేప బిస్కట్టు

మా చిన్నప్పుడు... కొల్లేటి లంకలో మా ఇంటి వంటసావిట్లో, పట్టపగలు, మా అమ్మ గోధుమపిండి ముద్ద ముందేసుకుని ఏడుస్తోంది. బయట ముసురు. లోపల మంచం మీద మా తమ్ముడు సూరిగాడు.

నేను చెబుతుంటే మా మునిమనవరాలు టైపు చేస్తోందండీ. ఇది ముప్ఫైల నాటి మాట. నాకు తొమ్మిదేళ్ళు, వాడికి ఐదు.

వాడికి విషజ్వరం వచ్చింది. మూడు వారాలు లంఖణాలు. జ్వరమైతే దిగింది గానీ ఆకలి కూడా దాంతోనే పోయింది. జావ పోస్తే ఉమ్మేసేవాడు, పాలు చూస్తే మొహం తిప్పేసేవాడు. పడవ మీద ఏలూరు తీసుకెళ్తే డాక్టరు గారు, "ఏదో ఒకటి కడుపులో పడాలమ్మా. రెండు రోజుల్లో తినకపోతే ఇక నా చేతుల్లో లేదు" అనేశారు.

ఆయన బల్ల మీద గాజు సీసాలో చేప ఆకారం బిస్కట్లున్నాయట, పైన పంచదార పూతతో. అక్కడ నోరు విప్పలేదు వెధవ! ఇంటికొచ్చాక మొదలెట్టాడు... "చేప బిస్కట్టు... చేప బిస్కట్టు..." అప్పటికి గాలీ వానా ముదిరి, కొల్లేరు పొంగి, పడవలన్నీ ఒడ్డెక్కేశాయి.

నాన్న కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి, చేపలా వంచి అచ్చు చేశాడు. అమ్మ నోముకని దాచిన సోలెడు గోధుమపిండి తీసింది. పంచదార డబ్బా చూడగానే నాయనమ్మ లేచింది.

"జొరం పడి లేచినోడికి పంచదారేంటే? తిరగబెడితే ఎవరే దిక్కు?"

"తినకపోతే మాత్రం ఎవరండీ దిక్కు, అత్తయ్యా?" అంది అమ్మ. నాయనమ్మకి ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి.

బిస్కట్టు ఎలా కాలుస్తారో మాలో ఎవరికి తెలుసు గనక! దిబ్బరొట్టెకి చేసినట్టే ఇత్తడి గిన్నె అడుగున నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టాం. మొదటి వాయి మాడి బొగ్గయింది. రెండో వాయిలో నెయ్యి ఎక్కువై చేపలన్నీ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మూడోసారికి మిగిలిన పిండి... ఒక్క చేపకే సరిపోయింది.

అది మాత్రం దేవుడి దయవల్ల ఎర్రగా కాలింది. పూత పని నాకిచ్చారు. పంచదార పొడిలో రెండు చుక్కల పాలు కలిపి, కొబ్బరి ఈనెతో పొలుసులు దిద్దాను. బచ్చలి పండు నలిపి ఎర్రగా కన్ను పెట్టాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు.

తీసుకెళ్ళి చేతిలో పెడితే వాడి మొహం వెలిగిపోయింది. గుండెల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

"తినరా నాన్నా..."

"వద్దు. బావుంది. పెంచుకుంటా."

ఎంత బతిమాలినా అంతే. అమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. వద్దన్న నాయనమ్మే "ఒక్క ముక్క కొరకరా, నా తండ్రీ" అంటూ గడ్డం పట్టుకుంది. నాన్న గోడవైపు తిరిగిపోయాడు, భుజాలు కదులుతున్నాయి. అంత ముచ్చటగా ఎందుకు దిద్దానురా భగవంతుడా అనిపించింది నాకు. నా చేత్తోనే తమ్ముణ్ణి చంపేసుకుంటున్నానని భయం.

ఆ భయంలో ఏం చేస్తున్నానో తెలీలేదు. చేప లాక్కుని తోక కసుక్కున కొరికేశాను.

"అమ్మా! అక్క నా చేప తినేసిందీ!" మూడు వారాలుగా గొణగడమే తప్ప గొంతు పైకి లేవని వాడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. అమ్మ నా వీపు చిట్లగొట్టింది. ఇంకో దెబ్బకి చెయ్యెత్తింది... ఈలోగా వాడు నా చేతిలోంచి చేప లాక్కుని, మళ్ళీ నాకెక్కడ దక్కుతుందోనని, మొత్తం నోట్లో కుక్కేసుకున్నాడు. ఏడుస్తూ నమిలాడు. మింగాడు.

అమ్మ ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత నన్ను పట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో. సాయంత్రం వాడే జావ అడిగాడు.

ఇప్పుడు వీధికో బేకరీ. మా పిల్లలు సగం కొరికి సోఫాలో పడేస్తారు. పడెయ్యనివ్వండి, కడుపు నిండినవాళ్ళు. కానీ ఏ పసివాడైనా "నాకొద్దు" అని మొహం తిప్పుకుంటే మాత్రం... తొంభై దాటినా ముద్ద కలుపుకుని వాడి వెనకాలే తిరుగుతానండీ. "ఓ పూట తినకపోతే ఏమవుతుంది నానమ్మా" అని వీళ్ళు నవ్వుతారు.

మీ చేత ఒక్క ముద్ద తినిపించడానికి ఎవరు ఎన్ని పాట్లు పడ్డారో గుర్తుంటే ఇక్కడ రాయండి... వాళ్ళింకా ఉంటే, ముందు వెళ్ళి వాళ్ళకి చెప్పండి.